ఊ కొట్టిన మధ్యాహ్నాలు

ఇల్లు మారాలని పోయిన నెలలో అనుకున్నాం. దూరమేమీ కాదు, షార్జా అల్ నహ్దాలోనే రెండు వీధుల అవతలికి, ఇంతకన్నా ఒక గది తక్కువున్న ఫ్లాటుకు. సామానంతా అట్టపెట్టెల్లో సర్దడం నా వంతు. వంటింటి గిన్నెలు ఒక్క పూటలో కట్టేశాను గానీ సారు పుస్తకాల బీరువా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి సాగలేదు. అవన్నీ ఇంగ్లీషు పుస్తకాలు. నాకు ఇంగ్లీషు అక్షరం రాదు. అయినా అట్ట రంగు చూసి ఏ పుస్తకంలో ఏముందో చెప్పగలను, ఎందుకంటే వాటిలో చాలావాటిని సారు చదివి చెబుతుంటే విన్నాను. బీరువాను గోడ నుంచి జరిపితే వెనక సందులో ఒక తెల్లని పలక దొరికింది. దాని మీద బాస్కెట్‌బాల్ కోర్టు గీతలు అచ్చువేసి ఉంటాయి. ఆట మధ్యలో విరామం వచ్చినప్పుడు సారు దాన్ని మోకాలి మీద పెట్టుకుని, ఎవరు ఎటు పరుగెత్తాలో పిల్లలకు గీసి చూపించేవారు. ఒక మూల నా చేతిరాత నీలి మరకగా ఇంకా ఉంది. అది చూశాక సర్దడం మానేసి నేల మీదే కూలబడ్డాను. కరోనా వచ్చిన ఎండాకాలంలో సారుకు చెవులు పోయాయి. అందులో నా పాలు కొంత ఉంది. ఆ సంగతి ఇన్నేళ్ళూ ఆయనకు చెప్పలేదు. ఈ ఇల్లు వదిలేలోపు చెప్పాలి.

ముందు నా గురించి కొంచెం చెప్పకపోతే మిగిలింది అర్థం కాదు. మాది కోరుట్ల దగ్గర పల్లె. రెండో తరగతితో బడి అయిపోయింది, ఏడేళ్ళకే ఒళ్ళోకి చాట వచ్చింది. మా ఇంట్లో ఆడవాళ్ళందరం బీడీలు చుట్టేవాళ్ళం. తడిపి గోనెపట్టాలో చుట్టిపెట్టిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, కత్తెరల కిచకిచ, నా చిన్నతనమంటే అదే. చేతులు ఆగకూడదని మా నాయనమ్మ కథ చెప్పేది. ఆమె కథకు ఒకటే షరతు. మాట విరిచిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే ఆమె నోరు ఆగిపోయేది. ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే అడిగేది.

"ఎవలు నిద్రవోయిండ్రే? ఊ కొట్టుండ్రి."

"కొట్టకుంటే ఏమైతదే నాయనమ్మా?" అని నేనొకసారి అడిగాను.

"మనిషి ఊ కొట్టని కతకు ఇంకోటేదో వచ్చి ఊ కొడ్తది. ఇగ అది ఆ ఇంట్లకెల్లి పోదు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరికన్నా గట్టిగా ఊ కొట్టేదాన్ని నేనే. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, మా ఆయన పోయాక దుబాయ్ వచ్చాను. వచ్చింది షార్జాకే అనుకోండి, మా వైపు గల్ఫంతా దుబాయే. అప్పుడు వెంట తెచ్చుకున్న విద్యలు రెండే, వంట చేయడం, ఊ కొట్టడం.

సారువాళ్ళది కాకినాడ. సారు ఒక స్కూల్లో బాస్కెట్‌బాల్ కోచ్. ఆయన భార్య సునీతమ్మ, నేను అమ్మ అనేదాన్ని, బీమా ఆఫీసులో పని. సారువాళ్ళ తల్లిగారిని చూసుకోవడానికని నన్ను పిలిపించారు. ఆవిడ ఒక పెళ్ళికని కాకినాడ వెళ్ళిన వారానికి విమానాలు ఆగిపోయాయి. ఆవిడ అక్కడా, నేను ఇక్కడా మిగిలిపోయాం. మా ఊళ్ళో రాజవ్వను వీళ్ళ నోట్లో రాజమ్మనయ్యాను. స్కూలు మూశారు, ఆఫీసు మూశారు. అమ్మ పడగ్గది తలుపేసుకుని పొద్దస్తమానం ఫోన్లలోనే ఉండేది. కారు పెట్టుకోను చోటు దొరక్క ఎప్పుడూ హారన్లు మోగే వీధిలో ఇప్పుడు మనిషి అలికిడి లేదు. నాలుగో అంతస్తులో ఉన్న ఒక కుటుంబాన్ని ఒళ్ళంతా తెల్లబట్టలు చుట్టుకున్నవాళ్ళు వచ్చి తీసుకుపోయారు. వాళ్ళ గుమ్మం ముందు మూడు జతల చెప్పులు అలాగే ఉండిపోయాయి. చెత్త పడేయడానికి మెట్లు దిగినప్పుడల్లా వాటిని చూసేదాన్ని. ఆ గుమ్మం దాటేదాకా దగ్గు వచ్చినా మింగుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే స్కూలువాళ్ళు సారుకు ఒక పని చెప్పారు. ఇంట్లో కూచున్న పెద్ద పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ చదవదగ్గ పుస్తకాల పట్టిక ఒకటి రాసివ్వమన్నారు. కథలు కాదు, నిజం పుస్తకాలు. సారు బీరువాలో ఉన్నవి మూడే రకాలు. తత్వం, బాస్కెట్‌బాల్ నేర్పే పద్ధతులు, ఇంకా వింత సంగీతం. వింత సంగీతమంటే రాగం, తాళం లేనిది. కుర్చీ జరిపిన చప్పుడూ సంగీతమేనని, ఏమీ వాయించకుండా ఊరుకోవడం కూడా సంగీతమేనని పట్టుబట్టేవాళ్ళది.

"తత్వం, బంతి, గోల. మా ఆయనకి ముగ్గురు పెళ్ళాలు రాజమ్మా. నేను నాలుగోదాన్ని," అనేది అమ్మ.

"నేను భయపడేది మాత్రం ఆ నాలుగోదానికే," అనేవారు సారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, గిన్నెలు కడిగి నేను గోంగూర కట్ట ముందేసుకునే వేళకు "యల్లా రాజమ్మా!" అని, పద పద అన్నట్టు, అరబ్బు మాటలో పిలిచేవారు. ఆయన కుర్చీలో, నేను నేల మీద. ఇంగ్లీషును కళ్ళతో చదివి నాకు తెలుగులో చెప్పేవారు. బడికి పోని మనిషికి చెప్పినా నిలబడిన పుస్తకమే పట్టికలోకి ఎక్కాలని ఆయన నియమం. నా పరీక్ష నాది. వింటుంటే ఆకు గిల్లే చెయ్యి ఆగిందంటే అది మంచి పుస్తకం. ఎన్నో పుస్తకాలకు నా చెయ్యి ఆగలేదు. గెలవడం గురించే మూడొందల పేజీలు రాసిన ఒక కోచ్ పుస్తకానికైతే రెండు కట్టల ఆకు గిల్లేశాను. సారు నా చేతుల వైపు చూసి, నవ్వి, దాన్ని పక్కన పడేశారు.

చెయ్యి ఆగిన మొదటిది నీలం అట్ట పుస్తకం. రాసినాయన ముసలి కోచ్. బంతి ఉన్నవాణ్ణి అందరూ చూస్తారు, నువ్వు బంతి లేనివాళ్ళ పాదాలు చూడు, ఆట అక్కడ తయారవుతుంది అంటాడు.

"మా నాయనమ్మ గంతే సారూ. బీడీ చుట్టేదాన్ని సూడది. ఊకె కూసున్నదాన్ని సూస్తది."

"మీ నాయనమ్మ ఏ టీముకి కోచింగ్ ఇచ్చేదేవిటి?"

"ఎనిమిది మంది ఆడోళ్ళకు. ఒక్కదాన్ని గూడ లేవనియ్యకపోయేది."

రెండోది బూడిదరంగు తత్వం పుస్తకం, బక్కది. పక్కవాడి పంటినొప్పి నీకెలా తెలుస్తుందని అందులో ఒకాయన పేజీలకు పేజీలు అడుగుతాడు. వాడు చెబితే తెలుస్తుందా? వాడు అబద్ధం చెబితే? వాడికే తెలియకపోతే?

"ఆని నొప్పి ఆనికే తెల్వకపోవుడేంది సారూ?" అని నేను నవ్వాను.

"అదేగా ఆయన అడుగుతున్నది," అన్నారు సారు. నేను నవ్విన ఆ నవ్వు తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది.

మూడోది పసుపు అట్ట సంగీతం పుస్తకం. అందులో చదివేవాళ్ళకు ఒక అభ్యాసం ఇచ్చారు. రోజూ ఒకే చోట, ఒకే వేళకు, పావుగంట కదలకుండా కూచుని వినబడినవన్నీ కాగితం మీద రాయాలి. సారుకు అది బాగా నచ్చింది. చదవడం అయ్యాక ఇద్దరం బాల్కనీలో కూచునేవాళ్ళం. మొదటి రోజు ఆయన కాగితం మీద పద్నాలుగు వరుసలు. అందులో ఏముందో నాకు తెలియదు గానీ పాతికేసి బీడీలు కట్టలు కట్టిన దాన్ని, వరుసలు లెక్కపెట్టగలను. రాసింది చదివి వినిపించి, నువ్వేం విన్నావని నన్నడిగేవారు. నేను వేళ్ళు ముడుస్తూ చెప్పేదాన్ని. ఏసీ మర. గోరింకలు. కింద బకాలా కొట్టువాడు షట్టరు ఎత్తడం. డెలివరీ బైకు. అజాన్. మందు చల్లే బండి. పైవాళ్ళ మిక్సీ. గోడలో గొట్టాల్లోంచి నీళ్ళు దిగడం. "నీళ్ళు నాకు తట్టనే లేదు, భలేదానివి!" అని పదిహేనో వరుస రాసుకున్నారు.

రెండో వారంలో వరుసలు తగ్గడం మొదలైంది. పదకొండు. తొమ్మిది. ఏడు. ఒకరోజు కాగితం ఎత్తి చూపించారు.

"ఊరు రోజురోజుకీ మూగబోతోంది రాజమ్మా. ఇవాళ ఐదే. నీకెన్ని?"

నాకు పన్నెండు వినబడ్డాయి. గోరింకలు రెండు ఆయన ఎడమ చెవి పక్కనే, కమ్మీ మీద వాలి, రెక్కలు టపటపలాడించుకుంటూ కొట్లాడాయి. ఆయన చదివిన ఐదింట్లో గోరింకలు లేవు.

"నాకు గూడ అయిదే సారూ," అన్నాను.

ఎందుకన్నానంటే ఏం చెప్పను. ఒకరింట్లో పనిచేసే మనిషికి ఒక మర్యాద అలవాటవుతుంది. వాళ్ళు ఉప్పెక్కువైందంటే ఎక్కువైనట్టే. చలిగా ఉందంటే చలి ఉన్నట్టే. పెద్దమనిషికి ఐదు వినబడినప్పుడు పనిమనిషికి పన్నెండు వినబడకూడదు. ఆయన చిన్నబోతారని అనుకున్నాను. మర్నాడు నాకు పది వినబడితే నాలుగన్నాను, ఎందుకంటే ఆయనవి నాలుగు. ఆ ఎండాకాలం లోకమే నిశ్శబ్దంగా ఉండింది కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు. తనతో సమానంగా వినే మనిషి పక్కనే ఉంది కదా. ఆయన చెవులకు తూకంరాయిని నేను. ఆ రాయినే నేను రోజూ కొంచెం కొంచెం అరగదీశాను.

తర్వాత పాలు పొంగిన రోజు. సారు బూడిదరంగు పుస్తకం చెబుతున్నారు. పొయ్యి మీద పాలు పొంగిన చప్పుడు విని లేచి వంటింట్లోకి పరుగెత్తాను. గట్టు తుడిచి తిరిగి వచ్చేసరికి ఆయన పుస్తకంలో తల పెట్టుకుని చెబుతూనే ఉన్నారు. మాట విరిచినప్పుడు ఆగుతున్నారు, ఊ పట్టేంత సేపు ఆగుతున్నారు, మళ్ళీ అందుకుంటున్నారు. గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. గదిలో నేను లేను. అయినా కథ నడుస్తోంది.

దగ్గరికి వెళ్ళి ఎదురుగా కూచున్నాను. "సారూ, నేను వంటింట్లకు పోయొచ్చిన. మీరు ఆపనే లేదు."

ఆయన తలెత్తి నా మొహంలోకి చూశారు. కళ్ళలోకి కాదు, నోటి వైపు.

"ఎప్పుడెళ్ళావ్? ఊ కొడుతూనే ఉన్నావుగా."

నా చేతిలోని తుడుపుగుడ్డ జారిపోయింది. మా నాయనమ్మ చాట పక్కన పెట్టి నా వెనక వచ్చి నిలబడినట్టయింది.

"ఎడమ చెవి దిబ్బడేసింది రాజమ్మా, వారం నుంచీ. లోపల ఏదో ఒకటే మోగుతోంది. స్నానంలో నీళ్ళు పోయుంటాయి," అన్నారు సారు. ఆ చెవిని వేలితో కదుపుకుంటూ, "నేను గట్టిగా మాట్లాడుతున్నానా? సునీత అంటోంది. నిజం చెప్పు. ఆసుపత్రికి వెళ్ళనా?"

అడిగారు. నన్నే అడిగారు, నిజం చెప్పమని మరీ అడిగారు. నా కళ్ళ ముందు నాలుగో అంతస్తు గుమ్మంలో మూడు జతల చెప్పులు కనబడ్డాయి.

"ఇప్పుడు దవాఖానకా సారూ? గీ రోజులల్ల మంచిగున్నోళ్ళు పోతనే వస్తలేరు. నీళ్ళే, ఏం గాదు. ఎల్లిపాయ నూనె ఏస్త. రెండు దినాలల్ల ఖలాస్."

నువ్వుల నూనెలో వెల్లుల్లి రెబ్బలు చిదిమి వేసి, ఎర్రబడేదాకా కాచి, మణికట్టు మీద చుక్క వేసుకుని వేడి చూసుకునేదాన్ని. సారు సోఫాలో పక్కకు తిరిగి పడుకునేవారు. మూడు చుక్కలు, పైన దూది. ఇల్లంతా ఆ వాసనే. ఆయన కళ్ళు మూసుకుని హాయిగా ఉందనేవారు. మంచి చేస్తున్నానని నా కడుపు నిండిపోయేది. వారం తిరిగాక ఒక మధ్యాహ్నం నూనె వేసి లేవబోతుంటే ఆయన ఇటు తిరిగి పడుకున్నారు.

"ఇటుపక్క కూడా వెయ్యి," అన్నారు.

వేశాను. కుడి చెవిలోనూ వేశాను. ఒక చుక్క చెంప మీద పడితే కొంగుతో తుడిచాను.

అప్పటి నుంచి నా ఊ పెద్దదైంది. ఆయనకు వినబడాలని కొంత, తలుపు అవతల అమ్మకు వినబడాలని కొంత. సారు గొంతు కూడా లేచింది. సాయంత్రం టీకి బయటికొచ్చి అమ్మ నవ్వేది. "ఏవండీ, రాజమ్మకి చెబుతున్నారా, రోలా సెంటర్లో మైకు పెట్టారా?" ఆమె నోరు చూసి సారు నవ్వేవారు. నాతో మాత్రం అమ్మ ఒకసారి మెల్లగా అంది. "లోపల ఫోన్లలో అందరూ ఏడుపులే రాజమ్మా. మీ ఇద్దరి గొంతులూ అలా వినబడుతుంటే ఫర్వాలేదు, మా ఇంట్లో అంతా బాగానే ఉంది అనిపిస్తుంది." నేను తలొంచుకుని కప్పులు తీశాను.

ఇంకో వారానికి ఒక మధ్యాహ్నం అమ్మ తలుపు తీసుకుని ఫోనుతో బయటికొచ్చింది. సారు కుర్చీ వీపు ఆమె వైపు ఉంది.

"ఏవండీ, మీ ప్రిన్సిపాల్ నాకు చేశారు. మీరు ఎత్తట్లేదట."

సారు చెబుతూనే ఉన్నారు.

"ఏవండీ."

మాట విరుపు వచ్చింది. ఆయన ఆగారు. అలవాటు కొద్దీ నా నోట్లోంచి "ఊ" వచ్చేసింది. ఆయన మళ్ళీ అందుకున్నారు. అమ్మ ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది. ఊపిరి పీల్చి ఆ నూనె వాసన చూసింది. నాలుగడుగులు వేసి, నా ముందున్న గోంగూర స్టీలు పళ్ళెం ఎత్తి, ఆకుతో సహా కుర్చీ వెనక నేల మీద పడేసింది. పళ్ళెం గిరగిరా తిరిగి తిరిగి చాలాసేపటికి ఆగింది.

సారు పేజీ తిప్పారు.

"ఎన్నాళ్ళ నుంచీ?" అంది అమ్మ. నేను వంగి నేల మీది గోంగూర ఏరడం మొదలుపెట్టాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మ వంటింట్లో నా పక్కన నిలబడి, గోడ వైపు చూస్తూ చెప్పింది. చెవి లోపలి నరం దెబ్బతిన్నదట. నీళ్ళ వల్ల కాదట. అలా పోయే చెవిలో మోత పుట్టడం మామూలేనట. మొదటి వారంలో, పోనీ పది రోజుల్లో తీసుకొచ్చినా మందులతో చాలావరకు నిలబెట్టే వీలుండేదట. మేం తీసుకెళ్ళేసరికి మూడు వారాలు దాటింది. "నూనె వల్ల చెడేం జరగలేదటలే," అని మాత్రం నాకోసమన్నట్టు అంది. అంతకుమించి నన్నొక్క మాట అనలేదు. నా ఊ సంగతి సారుకు చెప్పనూ లేదు. తిట్టి ఉంటే ఆ రోజుతో పోయేది.

కుడి చెవిలో పిసరంత మిగిలింది, అది కూడా ఏడాదిలో పోయింది. ఈల చప్పుడు, బంతి చప్పుడు వినబడని కోచ్‌ను స్కూలు ఉంచుకోలేదు. పుస్తకాల పట్టిక మాత్రం అప్పటికే వెళ్ళిపోయింది, నీలం, బూడిద, పసుపు మూడూ అందులో ఉన్నాయి. సారు వీసా అమ్మ వీసా మీదికి మారింది. ఆయన నాతో మాట్లాడడానికి ఆ ఆటపలక మా మధ్య పెట్టి, "రాయి రాజమ్మా," అన్నారు. రెండో తరగతి అక్షరాలు మళ్ళీ వెతుక్కున్నాను. 'అన్నం' రాశాను. 'అమ్మ వచ్చింది' రాశాను. తప్పు రాసిన చోట ఎర్రసిరాతో దిద్దేవారు. ఈ రోజు ఇన్ని పేజీలు నిలబెట్టి రాయగలుగుతున్నానంటే ఆ పలక వల్ల. ఆయన చెవులు పోతే నాకు చదువు వచ్చింది. తర్వాత ఫోనులోనే ఒక ఏర్పాటు వచ్చింది, మనం మాట్లాడితే అదే అక్షరాలు వేసి చూపిస్తుంది. పలక బీరువా వెనక పడిపోయింది. చదివి చెప్పడం మాత్రం ఆయన మానలేదు. గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ పడుతుందో ఆయనకు తెలియదు. విరుపు వచ్చినప్పుడు నేను కుర్చీ చేతిమీద వేలితో ఒకసారి తడతాను. ఇప్పుడు అదే నా ఊ.

వీధి మళ్ళీ నిండింది. మొన్న ఒక్కదాన్నే బాల్కనీలో పావుగంట కూచుంటే ఇరవై మూడు లెక్క తేలాయి. హారన్లే నాలుగు రకాలు. అప్పుడు పన్నెండుంటే ఐదన్నాను. ఇప్పుడు ఇరవై మూడున్నాయి, ఎన్ని అని అడిగేవాళ్ళు లేరు. మా నాయనమ్మ చెప్పిన ఆ ఇంకోటేదో ఈ ఇంట్లోంచి పోలేదు. ఐదేళ్ళుగా నా పక్కనే కూచుని ఉంది. ఇల్లు మారితే పెట్టెల్లో ఎక్కి వస్తుంది.

సారు గదిలోకి వచ్చి నేల మీద నన్ను, నా ఒళ్ళో పలకను చూశారు. "ఎక్కడ దొరికిందిది?" అన్నారు. నేను బీరువా వెనక చూపించాను. ఆయన పుస్తకాల పెట్టె మీద నా ఎదురుగా కూచున్నారు. ఫోను తీసి ముందు పెట్టబోతే వద్దని చెయ్యి ఊపాను. ఇది ఫోనుకు చెప్పే మాట కాదు. డ్రాయర్లో వెతికితే ఒక నీలం మార్కర్ దొరికింది. సగం ఎండిపోయింది. ఒత్తి ఒత్తి రాశాను.

'సారు ఆ దినం నాకు పన్నెండు ఇనొచ్చినయి. అయిదు అని అబద్దం చెప్పిన. తెల్లారి గూడ చెప్పిన. మీరు చిన్నగ అయితరని.'

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. ప్రతి మాట కింద వేలు పెట్టి చదివారు. అయిపోయాక మళ్ళీ మొదటికి వచ్చారు. ఆయన మొహం వైపు చూసే ధైర్యం లేక నీలం పుస్తకం చెప్పినట్టు పాదాలు చూస్తూ కూచున్నాను. పాదాలు కదల్లేదు. కింద ఎవరో లారీ వెనక్కి తీస్తున్నారు. అది ఒకటి. అమ్మ స్నానాలగదిలో కుళాయి తిప్పింది. రెండు. గోరింక. మూడు. పాదాలు అలాగే ఉన్నాయి. ఇక లేచి వెళ్ళిపోతారనుకున్నాను. రేపు పెట్టెల్లో నా పెట్టె వేరే లారీకి ఎక్కుతుందనుకున్నాను.

ఆయన ఒక గుడ్డ తీసి పలక తుడిచారు. నెమ్మదిగా, నాలుగు మూలలా తుడిచారు. తుడిచిన పలకను నా ఒళ్ళోకి తోసి, మార్కర్ నా చేతిలో పెట్టారు.

"ఊ," అన్నారు.

క్షమించానని కాదు అది. మా ఇంట్లో పెరిగిన దాన్ని, ఊ అంటే ఏమిటో నాకు తెలుసు. నేను పాలు పొంగిన రోజు దగ్గర మొదలుపెట్టాను.